ఒక్క క్షణం, బొమ్మ కుదరనివ్వండి

మా డాక్టర్ మర్విన్ హలుష్కా గారికి మనుషులంటే భయం. ఈ మాట కడుపుమంటతో అనడం లేదు. కెనడాలో, సస్కాచెవాన్ రాష్ట్రంలో, గోధుమ పొలాల మధ్య ఉన్న ఈ చిన్న ఆస్పత్రిలో, ఎమర్జెన్సీ గదిలో, ఏళ్ల తరబడి ఆయన పక్కన నర్సుగా నిలబడి చూసి అంటున్నాను. రోగి ఎదురుగా కూర్చుంటే ఆయన చూపు గోడ గడియారం మీదికి పోయేది. "ఎక్కడండీ నొప్పి?" అని అడిగేవారు గానీ, జవాబు మొదలయ్యేసరికి తల వంచేసుకునేవారు. ముసలమ్మలు కోడళ్ల సంగతి ఎత్తుకుంటే ఇక చెప్పక్కర్లేదు, ఏదో గుర్తొచ్చినట్టు సామాన్ల గదిలోకి జారుకునేవారు. ఆ గదిలో దూది తప్ప ఇంకేమీ ఉండదు.

అలాంటి మనిషి చేతికి ఆ యంత్రం దొరికింది. ప్రోబ్ అంటారు, గడ్డం గీసుకునే మిషన్ అంత ఉంటుంది. జెల్ రాసి ఒంటి మీద ఆనిస్తే లోపలున్నదంతా ఫోన్ తెర మీద కనిపిస్తుంది, వీడియోగా కూడా నిలిచిపోతుంది. అంతకుముందు అల్ట్రాసౌండ్ కావాలంటే రోగిని అంబులెన్సులో వేసి, మంచు తుఫానులో దేవుడి మీద భారం వేసి సిటీకి పంపాల్సి వచ్చేది. ఇప్పుడు మంచం పక్కనే పని అయిపోతుంది. మంచిదే, ఎవరు కాదన్నారు? ట్రాక్టర్ బోల్తా పడి వచ్చిన ఒకాయన కడుపులో రక్తం చేరుతోందని ఈ యంత్రంతోనే పట్టుకుని, అప్పటికప్పుడు హెలికాప్టర్ పిలిపించింది మా డాక్టర్ గారే. ఆ రోజు నా చేత్తో ఆయనకి కాఫీ కలిపి ఇచ్చాను. నేను మామూలుగా డాక్టర్లకి కాఫీలు కలిపే రకాన్ని కాదు.

ఆ రోజుతో ఆయనకి కళ్లు నెత్తికెక్కాయి. అప్పటిదాకా మనుషుల్ని సగమైనా చూసేవారు, ఆ తర్వాత పూర్తిగా మానేశారు. కాలు మడతపడి వచ్చినవాడికి గుండె చూశారు. జలుబని వచ్చినవాడికి లివర్ చూశారు. మంచు మీద బరువైన రాళ్లు జార్చే కర్లింగ్ ఆట దగ్గర, కాఫీ గదిలో బల్ల మీద జనాన్ని పడుకోబెట్టి, చొక్కాలెత్తించి కడుపులు చూశారు. జనం ఏమైనా తక్కువా? వరస కట్టారు. "నాది చూశావా, నీది చూపించు" అని పోటీలు. ఓల్గా పోవ్‌రోజ్నిక్ అయితే తన కిడ్నీ బొమ్మ అచ్చు వేయించుకుని ఫ్రిజ్ మీద మనవరాళ్ల ఫోటోల మధ్య అంటించుకుంది. "ఎంత అందంగా ఉందో ఈ కిడ్నీ," అన్నారట డాక్టర్ గారు. ఆ మనిషి నోట పొగడ్త రావడం ఈ ఊళ్లో ఎవరూ ఎరగరు, అది కాస్తా ఓల్గా కిడ్నీకి దక్కింది.

ఇక ఎల్డన్ ప్రిస్టుపా సంగతి చెప్పాలి. కర్లింగ్ ఆడే చోట మంచు నున్నగా చేసి పెట్టేది ఎల్డనే. నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఆయన భార్య స్టెల్లా నోరు తెరవదు. తెరవడానికి ఎల్డన్ సందు ఇస్తే కదా.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇద్దరూ వచ్చారు. ఎల్డన్ ఛాతీ రుద్దుకుంటున్నాడు.

"అన్నం, మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు నాలుగు ఎక్కువ తిన్నానమ్మా నోరీన్, అంతే. ఈవిడ ఊరికే లాక్కొచ్చింది."

"నాలుగా?" అంది స్టెల్లా. అంతే అంది.

బయట చలికి మీసాలు గడ్డకడుతుంటే ఈయన నుదుటి మీద చెమట. మొహం పిండిముద్దలా ఉంది. ఇది తిండి అరగక వచ్చిన బాధ కాదు. ఎల్డన్‌ని మంచమెక్కించి ఈసీజీ వైర్లు అందుకున్నాను. ఈలోగా డాక్టర్ గారు జెల్ సీసాతో దిగారు.

"ఒక్క క్షణం నోరీన్, ముందు నన్ను చూడనివ్వండి."

"ఈసీజీ అయిపోనివ్వండి డాక్టర్ గారూ. తర్వాత మీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకుందురుగాని."

"జెల్ రాసేశాను కదా."

జెల్ రాసేస్తే శిలాశాసనం కాబోలు. ఆ జిగురు మీద నా వైర్లు అంటుకుని చస్తేనా? తువ్వాలు తెచ్చి తుడుస్తుంటే, తుడిచిన చోటల్లా ఆయన మళ్లీ రాస్తున్నారు.

"ఇదిగో, పిత్తాశయంలో రాళ్లు," అన్నారు. మొహం వెలిగిపోతోంది. "చూడండి, వెనక నీడ ఎంత చక్కగా పడుతోందో. మీ బాధకి కారణం ఇదే."

రాళ్లున్న మాట నిజమే. ఈ ఊళ్లో వెన్నలో ముంచిన పెరోగీ కుడుములు తినే ప్రతి కడుపులోనూ ఉంటాయి. ఆయనకి ఒకటి దొరికింది కాబట్టి ఇంకోటి వెతకలేదు.

"విన్నావా స్టెల్లా, నా లోపలా విలువైన రాళ్లున్నాయట," అన్నాడు ఎల్డన్. ఆ మాట నోట్లో ఉండగానే కళ్లు తేలేసి పక్కకి ఒరిగిపోయాడు.

గుండె ఆగింది. మంచం తల వాల్చాం. మా గదిలో అందరికంటే బలమైనవాడు బ్రెంట్ అనే నర్సు. అతను ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టాడు. ఈ పనిలో ఒక్కటే కట్టుబాటు. నాడి చూడటానికి మధ్యమధ్య చేతులు తీయొచ్చు. కానీ పది అంకెలు లెక్కపెట్టేలోగా మళ్లీ నొక్కాల్సిందే. నొక్కినంతసేపే తలకి రక్తం పోతుంది, ఆపితే ఆగిపోతుంది. ఇందులో తెలియనిదేమీ లేదు, ఆ పాఠం ఏటా మాకు చెప్పేది హలుష్కా గారే.

నేను వెనక్కి తిరిగి సూదిమందు ఎక్కిస్తున్నాను. "ఆపండి, చూద్దాం," అన్న డాక్టర్ గారి మాట వినపడింది. ఆ వెంటనే, "ఒక్క క్షణం, బొమ్మ కుదరనివ్వండి." తర్వాత ఏమీ వినపడలేదు. ఛాతీ నొక్కుతున్న చప్పుడు లేదు. సూదితో ఇటు తిరిగాను.

డాక్టర్ గారు ఎల్డన్ పక్కటెముకల కింద ప్రోబ్ ఆనించి అటూ ఇటూ వంచుతున్నారు. బ్రెంట్ చేతులు గాల్లో ఉన్నాయి. ఇద్దరి కళ్లూ తెర మీదే. టీవీ పెట్టిన ఇంట్లో చిన్నపిల్లలు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేస్తారు చూడండి, అలా ఉన్నారు. తెర మీద ఎల్డన్ గుండె, కదలకుండా. బొమ్మ బాగా కుదిరింది, ఆ మాట ఒప్పుకోవాలి.

స్టెల్లాని బయటికి పంపడం ఎవరికీ తోచలేదు. ఆవిడ మూల నుంచి నెమ్మదిగా నడిచి మంచం తలవైపు వచ్చింది. అందరూ చేతులు తీసేశారు కదా, అయిపోయిందనుకుంది. పాపం, ఇంకేమనుకుంటుంది? భర్త జుట్టు వెనక్కి దువ్వి, చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పసాగింది. ఆవిడ మోచెయ్యి డాక్టర్ గారి భుజానికి తగులుతూనే ఉంది. ఆయన తల తిప్పలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెయ్యి తియ్యండి," అని ఆయన్ని ఒక్క తోపు తోశాను. ప్రోబ్ మంచం కింద పడింది. "నొక్కు బ్రెంట్, బొమ్మలు చూసింది చాలు."

నొక్కాడు. మందు ఇచ్చాం, షాక్ ఇచ్చాం, మళ్లీ నొక్కాం. ఎల్డన్ గట్టి పిండం. నాడి దొరికింది, హెలికాప్టర్ వచ్చింది, సిటీలో పూడుకుపోయిన రక్తనాళం తెరిచారు. మూడు వారాలకి, నొక్కిన చోట పక్కటెముకలు నొప్పంటూ, బ్రెంట్‌ని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాడు.

ఇంటికి వచ్చాక ఊళ్లో మొదలైంది భజన. యంత్రం ఎల్డన్‌ని కాపాడిందట. లోపల గుండె ఏం చేస్తోందో చూపించింది కాబట్టే బతికాడట. చూపించింది, నిజమే. ఏమీ చేయట్లేదని చూపించింది. అది తెలుసుకోవడానికి యంత్రం ఎందుకు, మనిషి నీలంగా పడి ఉంటే? అందరికంటే గట్టిగా భజన చేసింది ఎల్డనే. "నా గుండె ఆగిన వీడియో ఉంది, నీకుందా?" అని దారిన పోయేవాళ్లని నిలబెట్టి అడిగేవాడు. ఆ గదిలో ఏం జరిగిందో నేను హలుష్కా గారికి ఒకటికి రెండుసార్లు చెప్పాను. "కాస్త ఆలస్యమై ఉండొచ్చు నోరీన్," అనేవారు, గడియారం వంక చూస్తూ.

మంచు కరిగాక చర్చి హాల్లో విందు పెట్టారు, ఇంకో యంత్రం కొనడానికి చందాల కోసం. వేదిక మీద డాక్టర్ గారు, జనానికి వీపు పెట్టి, తెరతో మాట్లాడుతున్నారు. ఎల్డన్ ముందు వరసలో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. వీడియో వేశారు. బూడిదరంగు గుండె ఇలా కనిపించి అలా మాయమైంది. చప్పట్లు మోగాయి.

"డాక్టర్ గారూ, అంతేనా అది?"

వంటగది గుమ్మంలో స్టెల్లా నిలబడి ఉంది, చేతులనిండా పిండితో. ఆవిడ గొంతు ఆ హాల్లో ఎప్పుడూ విననివాళ్లు తలలు తిప్పారు.

"అంటే... చూడటానికి వీలుగా ముక్క కోశానండీ."

"మొత్తం వేయండి."

"అందులో కొత్తగా ఏమీ ఉండదు స్టెల్లా గారూ. అదే ఉంటుంది."

"అదే చూస్తాను."

వేశారు, కాదనలేక. గుండె కనిపించింది, కదలకుండా. జనం చూశారు. ఫాదర్ బొగ్డాన్ రొట్టెకి వెన్న రాసుకుని, తినడం పూర్తి చేసి, మూతి తుడుచుకున్నారు. గుండె అలాగే ఉంది. ఓల్గా కళ్లు దించుకుంది. ముందు వరసలో ఎల్డన్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. ఇంకా అలాగే ఉంది గుండె. చివరికి తెర ఒక్కసారి అదిరి నల్లబడింది. నేను తోసింది అప్పుడే.

"ఇంతసేపా," అన్నారు హలుష్కా గారు. ఎవరితోనో తెలియదు. మొదటి నుంచి చివరి దాకా ఆయన కూడా అది ఎప్పుడూ చూడలేదు.

"అంతసేపూ నేను మీ పక్కనే ఉన్నాను డాక్టర్ గారూ. ఈయనతో మాట్లాడుతూ ఉన్నాను," అంది స్టెల్లా.

ఎల్డన్ కుర్చీలో వెనక్కి తిరిగాడు.

"ఏం చెప్పావే నాకు?"

ఆవిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"నా గురించి బెంగపెట్టుకోకు అన్నాను. ఇక వెళ్లిపొమ్మన్నాను."