మోగింది చెరువు కాదులెండి

ఈ మధ్యాహ్నం కైకలూరులో మా అత్తగారింట్లో భోంచేస్తుంటే బావమరిది ఫోను గట్టిగా మోగింది. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే అది అలాగే మోగుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మా మామగారి వేలికి తొడిగిన ఆక్సిజన్ మీటరు కూడా ఆ ఫోనుకే కలిపి ఉంది.

బావమరిది ఎంగిలి చేత్తోనే లేచి బండి తాళం అందుకున్నాడు. ఫోనులో పేరు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

“చెరువు కాదులెండి బావగారూ, నాన్నగారిది. మీరు తినండి” అని పెరుగు కలుపుకున్నాడు.

నేను కంచం ముందు నుంచి లేచాను. లోపలి గదిలోకి పరిగెత్తాను. ముక్కు దగ్గర గొట్టం ఊడిపోయి, మంచం పట్టె పట్టుకుని మామగారు ఆయాసపడుతున్నారు. గొట్టం సరిచేశాను. కాస్త ఊపిరి అందగానే ఆయన అడిగిన మొదటి మాట:

“మోగింది చెరువుదా అల్లుడుగారూ? రొయ్యలు బాగానే ఉన్నాయాండీ?”

ఛీ! కొడుకునే అనుకున్నాను, ఇల్లంతా అలాగే తయారైంది.

వచ్చేముందు బావమరిది ఫోను తీసుకుని, అందులో ‘నాన్న’ అన్న పేరు తీసేసి ‘పెద్ద చెరువు’ అని పెట్టి వచ్చాను. ఈసారి మోగితే పరిగెడతాడు.

నేను చేసింది తప్పంటారా?