రెండు కంపెనీల గేర్లు

కైలాసం సేటు తాండూరులో కందిపప్పు వ్యాపారి. గోనెసంచులైనా, పెండ్లికి వంటవాళ్లయినా, ఏ పనీ మొత్తం ఒక్కరికే అప్పజెప్పింది లేదు. సగం ఒకరికి, సగం అతని పోటీదారుకు. ఇద్దరూ భయంభయంగా ఉంటారని, పని బాగా జరుగుతుందని ఆయన నమ్మకం. తమ్ముని పెండ్లిలో ఇద్దరు వంటవాళ్లు పంతానికి పోయి సాంబారులో రెండుసార్లు ఉప్పు వేసిన సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

యాభై దాటాక షుగర్ వచ్చింది. సైకిల్ తొక్కమన్నాడు డాక్టరు. సేటు తొక్కలేదు గానీ గేర్ల గురించి చదవడం మొదలుపెట్టాడు. జపాన్ కంపెనీ గేరు మెత్తగా పడుతుంది, అమెరికా కంపెనీది టక్కున పడుతుంది. దీని పళ్లెన్ని, దాని బరువెంత అని పక్కపక్కన రాసి వికారాబాద్ సైకిల్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు.

"సైకిల్ గురించి సదివితె షుగర్ తగ్గుతదా?" అంది భార్య వసంతమ్మ.

ఎనిమిది నెలల్లో క్లబ్బులో ఎవరు చైను మార్చాలన్నా సేటును అడగడం అలవాటైంది. ఆయన ఒక్కసారైనా తొక్కాడా అని మాత్రం ఎవరూ అడగలేదు. క్లబ్బు సైకిళ్లు తొక్కే ఆదివారం వచ్చిందంటే సేటుకు ఏదో ఒక పెండ్లి ఉండేది.

చివరికి సైకిల్ కొన్నాడు. చేతి దగ్గర గేరు మీట జపానుది, వెనక చైనును పక్కకు నెట్టే డీరెయిలర్ అమెరికాది. బిగించే మెకానిక్ ఏసుదాసు తల గోక్కున్నాడు.

"సేటూ, గీ మీట ఒక్క నొక్కుకు గింతే కేబుల్ గుంజుతది. వెనకదానికి గంత గావాలె. రెండింటికి కుదరదు."

"మొత్తం ఒక్కనికే ఇస్తె నెత్తికెక్కుతడు, ఏసుదాసూ. నువ్వు బిగియ్యి."

"గేర్లకేం ఎరుక సేటూ, నువ్వు పోటీ పెట్టినవని?"

అయినా బిగించాడు. ఈ జోడీని మించింది లేదని సేటు గ్రూపులో రాశాడు.

ఇక తప్పించుకోలేక ఆదివారం అనంతగిరి గుట్టకు వస్తానన్నాడు సేటు. సైకిల్ తాండూరు నుంచి వికారాబాద్ దాకా కారెక్కి వచ్చింది. కాలు కింద పెట్టకుండా ఈ ఒక్క గుట్ట ఎక్కితే చాలు, గ్రూపులో తన మాట నిలుస్తుంది. దిగితే ఇక ఎవరూ సలహా అడగరు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

రెండో మలుపు దగ్గర మీట నొక్కాడు. చైను ఒక పళ్లచక్రం ఎక్కబోయి ఎక్కలేక కటకటలాడింది. ఇంకోసారి నొక్కాడు. ఈసారి రెండు దాటి దూకి ఇరుక్కుంది. సేటు కాలు కింద పెట్టి, చైనును వేళ్లతో లాగి చూశాడు. రాలేదు.

వెనక వస్తున్న బిందు ఆగింది. బ్యాంకులో పనిచేసే పిల్ల, క్లబ్బులో కొత్త.

"ఏమైంది అంకుల్? మీరు చెప్పిన జోడీనే కార్ట్‌ల పెట్టిన. ఇంటికి పోంగనె ఆర్డర్ పెడ్త."

ఫొటో తీయడానికి ఆగానని చెప్పవచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది కూడా. సేటు గ్రీజు అంటిన వేళ్లు చూసుకున్నాడు.

"పెట్టకు బిడ్డా. నేను తప్పు చెప్పిన. రెండూ ఒక్క కంపెనీవే తీస్కో."

"ఏ కంపెనీవి?"

దీనికి ఆయన దగ్గర నలభై నిమిషాల జవాబు సిద్ధంగా ఉంది.

"తొక్కేటోళ్లను అడుగు. నేను ఇయ్యాల్నే మొదలువెట్టిన."

బిందు నవ్వలేదు. "సరే అంకుల్," అని ముందుకు పోయింది. సేటు సైకిల్ తోసుకుంటూ పైకి చేరేసరికి సంగతి ఆయనకంటే ముందే చేరింది.

"సేటూ, జపాన్ ఎక్కిచ్చిందా, అమెరికా ఎక్కిచ్చిందా?" అని అరిచాడు నిఖిల్, క్లబ్ నడిపే కుర్రాడు.

"రెండింటిని నేనే ఎక్కిచ్చిన," అన్నాడు సేటు ఆయాసపడుతూ. అందరూ పగలబడి నవ్వారు.

ఆ సాయంత్రం గ్రూపులో ఎవరో ఏ చైను మంచిదని అడిగారు. సేటు పేరు ఎవరూ ఎత్తలేదు. ఆయన జవాబు సగం రాసి, చెరిపేసి, సైకిల్ బయటికి తీశాడు. ఇరుక్కున్న చైనును విడిపించి, అది ఏ గేరు మీద పడిందో ఆ ఒక్క గేరు మీదే, మీట ముట్టకుండా, రైల్వే స్టేషన్ దాకా తొక్కి వచ్చాడు.