తెప్ప ఎక్కిన సుక్కమ్మ

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో వల తీసే ఆడమనిషి సుక్కమ్మ ఒక్కతే. ముచ్చటపడి ఆమె తెప్ప ఎక్కలేదు. అన్నదమ్ములు విడిపోయారు కాబట్టి ఎక్కింది.

అంతకుముందు ఆమె పనంతా ఒడ్డు మీదే. భర్త బిక్షం, మరిది లింగం తెల్లారేసరికి చేపలు తెస్తే, ఆ రవ్వ చేపలూ బొచ్చె చేపలూ గంపకెత్తుకుని షేర్ ఆటోలో తుర్కయాంజాల్ పోయి అపార్ట్‌మెంట్ల ముందు అమ్మేది. బేరంలో గట్టిది. నీళ్లంటే మాత్రం భయం. మోకాటి లోతు దాటి ఎన్నడూ దిగలేదు.

ఆ ఏడు ఒక కంపెనీ వాళ్లు చెరువు మీద తేలే సోలార్ పలకలు పరిచి కరెంటు తీస్తామని వచ్చారు. తూము వైపు లోతంతా తమకు కావాలన్నారు. చేపలు పట్టే ఇళ్లలో కొందరికి కాపలా నౌకరీలు ఇస్తామన్నారు. దాని మీద మాట్లాడుకోవడానికి చేపలు పట్టేవాళ్ల సంఘం మీటింగ్ పెట్టింది.

లింగం లేచి, "ఇయ్యాల నీళ్లున్నయ్. చెరువు ఎండిన ఏండ్లల్ల ఏం తిన్నం? నేను బడంగ్‌పేట్‌ల ఇటుకలు మోసిన. నౌకరి ఇస్తమంటే ఎందుకొద్దనాలె?" అన్నాడు.

"ఎండకాలం చాపలన్నీ ఆ లోతుకే చేరుతయ్. గది ఇచ్చినంక వల యాడ ఏస్తవ్?" అన్నాడు బిక్షం.

మాటా మాటా పెరిగింది. చివరికి బిక్షం అందరి ముందూ తమ్ముడితో, "ఇగ నా తెప్ప ఎక్కకు" అనేశాడు. సుక్కమ్మకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఆమెను ఎవరూ అడగలేదు.

మర్నాడు లింగం రాలేదు. తెప్ప మీద ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు వల ఎత్తాలి. ఒంటరిగా పోయిన బిక్షం, గాలికి తెప్ప తిరిగిపోతుంటే సగం వల నీళ్లలోనే వదిలి వచ్చాడు. తోడు రమ్మంటే ఎవరి జోడీ వాళ్లకుంది.

"నేనొస్త" అంది సుక్కమ్మ.

"నీకు నీళ్లంటే భయం గాదు?"

"భయమే. ఇంట్ల కూసుంటే పోతదా?"

మొదట్లో తల తిరిగేది, వాంతి వచ్చేది. వల దారాలకు వేళ్లు కోసుకుపోయాయి. ఒడ్డు మీద మగవాళ్లు నవ్వుకున్నారు. నెల గడిచేసరికి తెడ్డు ఆమె చేతికొచ్చింది. గాలి ఎటు తిరిగితే తెప్ప ఎటు పోతుందో బిక్షం చెప్పకముందే పసిగట్టసాగింది. చుట్టూ నీళ్లు, పక్కన ఎవరూ లేని ఆ వేళ ఆమెకు నచ్చింది. ఆ సంగతి భర్తతో అనలేదు.

ఒకరోజు కంపెనీ మనుషులు లోతు కొలవడానికి వచ్చారు. లింగమే ఇంకొకరి తెప్ప అడిగి వాళ్లను తీసుకుపోయాడు. చెరువు నడుమ రెండు తెప్పలూ ఎదురుపడ్డాయి. బిక్షం ముఖం తిప్పుకున్నాడు.

"వదినె, జర పైలం. ముంగట తాడు కట్టిన్రు, నీ వల చిక్కుతది" అన్నాడు లింగం.

సుక్కమ్మ తెడ్డు మళ్లించింది. ఇంటికొచ్చాక బిక్షం, "వాని మాట ఎందుకిన్నవ్?" అన్నాడు.

"వల మనది గదా" అందామె.

మరుసటి వేసవి తర్వాత కంపెనీ వాళ్లు మళ్లీ రాలేదు. వేరే జిల్లాలో ఇంకో చెరువు చూసుకున్నారని తెలిసింది. కారణం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. వద్దన్నవాళ్లు గెలిచామనుకోలేదు, కావాలన్నవాళ్లకు నౌకరీలు రాలేదు. పలకరింపులు మాత్రం తగ్గాయి.

వానలు పడ్డాక ఒక సాయంత్రం లింగం వాకిట్లోకి వచ్చాడు. "అన్నా, రేపటిసంది నేనొస్త."

బిక్షం మెత్తబడ్డాడు. అయినా భార్య వైపు చూశాడు.

"తెప్ప మీద జాగ లేదు మరిది. నేను పోతున్న గదా" అంది సుక్కమ్మ. తర్వాత పీట వాల్చింది. "కూసో. బువ్వ తిని పో."

లింగం కూర్చున్నాడు. అన్నదమ్ములు చేపల పులుసుతో తిన్నారు. ఆ నెలలోనే లింగం ఎల్లేష్ అనే అతనితో జోడీ కట్టాడు. సుక్కమ్మ ఇప్పటికీ పొద్దున చెరువులో, పగలు తుర్కయాంజాల్‌లో ఉంటుంది.