అత్త బొటనవేలు

మా మేనత్తకి ఎక్కడ మచ్చ కనపడినా బొటనవేలు తడిచేసుకుని రుద్ది చూడటం అలవాటు. మట్టయితే పోతుంది, మచ్చయితే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆ వేసవంతా కూజా మొక్క ఆకుల్ని రుద్దుతూనే ఉంది.

ఆకు చివర బుల్లి కూజాలు వేలాడే ఆ మొక్కను మావ ముచ్చటపడి కొన్నాడు. ఆ తర్వాతే మా ఉద్దానపు కిడ్నీ జబ్బు ఆయన్నీ పట్టుకుంది. సముద్రం మీద చేపల వేట ఆగింది, డయాలసిస్ మొదలైంది. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. బీరపాదుకి పోసినట్టే అత్త దీనికీ చేపలు కడిగిన నీళ్లు పోసేది. మచ్చలు పెరిగేసరికి, బలం చాలలేదని ఇంకా పోసింది.

"ఇది సచ్చిపోతే మీ మావ కూడా..." అని మాట మింగేసేది.

నేను ఫొటోలు తీసి నర్సరీ అతనికి పంపాను. "ఈ మొక్కకి ఉప్పూ పడదు, బలమూ పడదండి. మచ్చల ఆకులు కోసేసి, వాననీళ్లే పొయ్యండి" అన్నాడు.

ఆ వానాకాలమంతా అత్త చూరు కింద బిందెలు పెట్టింది. కార్తీకం నాటికి మచ్చలేని ఆకు విచ్చుకుంది. తడివేలితో దాన్ని రుద్ది చూసింది. నవ్వలేదు. లోపలికొచ్చి మంచం పక్కన కూలబడి, మావ వాచిన పాదాన్ని అదే వేలితో నొక్కింది.

"నీళ్లు మార్సీసరికి మొక్క లెగిసింది కదరా. ఈ మనిసికి ఏటి మార్సాలో ఎవులూ సెప్పరేటి?"

ఆవిడ వేలు తీసేసింది. పాదం మీద గుంట మాత్రం పూడలేదు.