కట్టు విప్పిన అంటు

నర్సరీ వీధిలో గీకుడు మామ అంటే తెలియనివాళ్లు లేరు. అంటు కట్టిన కొమ్మ బతికిందో లేదో చూడడానికి ఆయన బొటనవేలి గోటితో బెరడును కాస్త గీకుతాడు. లోపల పచ్చగా ఉంటే సరే, గోధుమరంగు కనిపిస్తే పీకి పారేస్తాడు. ఆ అలవాటు చెట్ల దగ్గర ఆగి ఉంటే బాగుండేది. కొత్త కుర్చీ తెస్తే రంగు గీకి చూస్తాడు, గొడుగు కొంటే పిడి గీకి చూస్తాడు. అల్లుడు ముచ్చటపడి కొనుక్కున్న బండిని కూడా అలాగే గీకి, అతనితో చాన్నాళ్లు మాటలు లేకుండా చేసుకున్నాడు.

ఆయన పనితనం గురించి చెప్పుకోవాలంటే ఒక పూట చాలదు. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. చేతికి కత్తి వచ్చింది మాత్రం అంతకు ముందే. ఒకే మొదలు మీద నిమ్మ, నారింజ, బత్తాయి, దబ్బ కాయించిన మనిషి. పెద్ద పార్కులో నీళ్ల తొట్టి చుట్టూ పూసే ముదురెరుపు గులాబీలన్నీ ఆయన మొదలు మొక్కల బెరడులో దూర్చి కట్టిన కళ్లే, అంటే చిగురు మొగ్గలే. పూల పోటీలో వెండి కప్పు వరసపెట్టి ఆయనింటికే వస్తుంటే, నిర్వాహకులు ఆలోచించి ఆలోచించి, ఆయన్ని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టి పోటీలోంచి మర్యాదగా తప్పించారు. ఆ సంగతి ఆయనకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఎవరికీ మొదటి బహుమతి ఇవ్వలేదు.

కోత ఆయనది, కట్టు వాళ్లక్కది. చిన్నప్పటి నుంచీ అదే వాడుక. ఆయన మొదలు మొక్కను చీల్చి, పుల్లను ఏటవాలుగా చెక్కి అందులో దూర్చి పట్టుకుంటే, అక్క గాలి దూరకుండా ప్లాస్టిక్ పట్టీ చుడుతుంది. అక్క కత్తి ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట. "నీ కట్టు గట్టిది. కోత జోలికి రాకు."

అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ వడిలిపోతుంటే, అక్క పరీక్షలు చేయించుకుని వచ్చి, నారుమడి దగ్గర కూర్చున్న తమ్ముడి పక్కన చతికిలబడింది.

"నాది నీకు సరిపోతుందటరా."

"వద్దక్కా. ఈ వయసులో నీకెందుకు కోత?"

"జన్మంతా నీ కోతకు నేను కట్టు కట్టలేదా? ఒక్కసారి నా మీద పడితే ఏమైంది?"

అలా అక్క కిడ్నీ తమ్ముడి ఒంట్లోకి చేరింది. అతుక్కుంది. ముఖం తేటబడింది, ఆకలి పుట్టింది, గీకుడు మళ్లీ మొదలైంది.

పేచీ వచ్చిందల్లా బిళ్లల దగ్గరే. ఆసుపత్రి నుంచి పంపేముందు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లోకి పరాయిది ఏదొచ్చినా తరిమికొట్టే బలం ఒకటి ఉంటుందని, ఆ బలానికి క్రిమి ఏదో అక్క కిడ్నీ ఏదో తేడా తెలియదని, అందుకే దాన్ని అణిచి ఉంచే మందులు వాడాలని. గీకుడు మామ అంతా విని, "ఎన్నాళ్లు?" అన్నాడు.

"ఆ కిడ్నీ ఉన్నన్నాళ్లు."

ఆ మాట దగ్గరే ఆయనకు అనుమానం మొలిచింది. జబ్బు తగ్గించే మందులు విన్నాడు గాని, మనిషి బలం తగ్గించే మందు ఎక్కడా వినలేదు. ఇంటికొచ్చాక బిళ్లను గీకి చూశాడు. పైన గులాబీరంగు, లోపల సున్నం. గొట్టంలాంటి ఇంకో మాత్రను విప్పి చూశాడు. అందులోనూ తెల్లపొడే.

"పైపూత తప్ప సరుకు లేదే ఇందులో," అన్నాడు భార్యతో.

"మీరు గీకితే నా లోపలా ఏముండదు. మింగండి," అంది ఆవిడ.

మందుల షాపులో ఒకసారి గొట్టం మాత్ర రంగు మారి వచ్చింది. కంపెనీ వేరు, మందు అదేనన్నాడు షాపతను. గీకుడు మామ అతని కళ్లలోకి చాలాసేపు చూశాడు. గులాబీ పేరు చెప్పి ముళ్లకంప అంటగట్టే నర్సరీవాళ్లు ఎంతమందిని చూశాడు ఆయన.

పైగా మట్టి ముట్టుకుంటే చేతికి తొడుగులు వేసుకోమన్నారు, ఎరువు తిరగేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నారు. తనను పెంచిన మట్టి తనకు శత్రువంటే ఎలా నమ్ముతాడు? ఒక ముల్లు గీత మానకుండా వేలు ఉబ్బిపోయి ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చాకే తొడుగులు వేసుకున్నాడు. అప్పుడు కూడా తప్పు ముల్లుది కాదు, బిళ్లలదే అన్నాడు. అందులో నిజం లేకపోలేదు కూడా.

కాని అసలు దెబ్బ చేతి మీద పడింది. కత్తి పట్టిన చెయ్యి వణకడం మొదలైంది. సన్నటి వణుకు, దూరం నుంచి చూసేవాళ్లకు తెలియదు. పుల్ల చెక్కు మీద మాత్రం తెలుస్తుంది. నునుపుగా రావాల్సిన కోత మెట్లు మెట్లుగా వచ్చింది. రెండు కోతలూ కరుచుకోకపోతే అంటు పట్టదు. ఆయన కట్టిన గులాబీలు వరసగా ఎండిపోయాయి. వాటిని ఎవరూ చూడకముందే పీకి, ఎరువు గుంటలో వేసేవాడు. అక్కకు చెప్పలేదు, డాక్టరమ్మకు చెప్పలేదు. బాగా గమనిస్తే ఆ గొట్టం మాత్ర మింగిన కాసేపటికే వణుకు ఎక్కువవుతోందని తేలింది.

దొంగ దొరికాడనుకున్నాడు.

ఒకనాడు పాత అంటుల కట్లు విప్పుతూ కూర్చున్నాడు. ఒక నారింజ మొక్కకు పట్టీ తియ్యడం మరిచిపోయారెవరో. కాండం లావెక్కుతుంటే పట్టీ లోపలికి కోసుకుపోయి, మెడకు ఉరి పడినట్టుంది. అంటు పట్టేదాకే కట్టు కావాలి. పట్టాక కట్టే దానికి యముడు. ఇది ఆయన జీవితమంతా చేసిన పని, తెలిసిన పని. పట్టీని గోటితో లాగి పారేస్తూ గీకుడు మామ అలాగే ఆగిపోయాడు. మరి తన అంటు పట్టి ఎన్నాళ్లయింది? ఈ వైద్యులు కట్టు ఎందుకు విప్పరు? విప్పితే మనిషి మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కడనా?

ఆ సాయంత్రం నుంచి మిగతా బిళ్లలు మింగుతూ గొట్టం మాత్రను బుగ్గలో దాచడం నేర్చుకున్నాడు. భార్య ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లగానే పెరట్లోకి నడిచి, మూలనున్న గన్నేరు కుండీలో వేలితో మట్టి గుచ్చి పాతేసేవాడు.

చెయ్యి నిలబడింది. ఎంత నిలబడిందంటే, మళ్లీ గులాబీ కన్నును బెరడుతో సహా ఒక్క గీతలో లేపాడు. పార్కువాళ్లు అడిగిన తెల్లగులాబీల పని కూడా ఒప్పుకున్నాడు. నర్సరీకి వచ్చినవాళ్లందరికీ నిమ్మ నారింజ బత్తాయి దబ్బ కథ కొత్తగా చెప్పాడు. పాదాలు కాస్త ఉబ్బి చెప్పుల వార్లు అచ్చుపడుతుంటే, రోజంతా నిలబడి పనిచేసినందుకే అనుకున్నాడు.

అందరూ సంతోషించారు, ఒక్క అక్క తప్ప.

పట్టీ చుట్టడానికి ఎదురుగా కూర్చున్న అక్క పుల్లను చూడడం మానేసి తమ్ముడి చెయ్యిని చూస్తోంది. ఆమెకు ఎండిన అంటుల సంగతి తెలియకపోలేదు. ఎరువు గుంటలో తన కట్టు తను గుర్తుపట్టదా? తమ్ముడి పరువని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

"చెయ్యి వణకట్లేదేంట్రా?"

"ఎప్పుడు వణికింది గనక?"

"చెప్పులు విప్పు."

"ఎందుకు?"

"విప్పమన్నానా."

విప్పాడు. ఆమె వంగి పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. కింద నుంచి పైకి తమ్ముడి మొహం చూసింది.

"బిళ్లలు మింగుతున్నావా?"

"మీ మరదల్ని అడుగు. దగ్గరుండి మింగిస్తుంది."

"దాన్ని కాదు, నిన్నే అడుగుతున్నా."

గీకుడు మామ పుల్ల చెక్కు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. అటునుంచి ఎవరూ సాయం రాలేదు. "అంటు పట్టాక కట్టు విప్పొద్దూ అక్కా?" అన్నాడు మెల్లగా.

అక్క తిట్టలేదు. చేతిలో పట్టీ చుట్టను కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, "లే, ఆటో పిలుస్తా," అంది.

రక్తంలో ఆ మందు జాడే లేదని, కిడ్నీ పని బాగా తగ్గిందని తేలింది. సూదితో చిన్న ముక్క తీసి చూశారు. ఒంటి బలం కిడ్నీ మీద విరుచుకుపడడం మొదలుపెట్టేసింది. మంచం మీద పడుకోబెట్టి నరానికి మందులెక్కిస్తూ డాక్టరమ్మ అడిగింది.

"చెయ్యి వణుకుతోందని ఒక్కసారైనా చెప్పారా? మోతాదు సర్ది చూసేవాళ్లం కదా."

"చెబితే ఇంకో బిళ్ల రాస్తారని," అన్నాడాయన.

డాక్టరమ్మకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియలేదు. "మీరెంత గీకినా ఒకటే మాట. మీ ఒంటికి అది ఎప్పటికీ పరాయిదే," అని వెళ్లిపోయింది.

గీకుడు మామ ఆ మాటను నమ్మలేదు. భార్య మంచినీళ్లకు వెళ్లాక అక్కతో అన్నాడు. "ఒక తల్లి పిల్లలం. నీది నాకు పరాయిదెలా అవుతుందక్కా? ఎక్కడో ఏదో మతలబుంది."

అక్క కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది. "పార్కులో నీ ఎర్రగులాబీలు కట్టి ఎన్నాళ్లయిందిరా?"

"మీ మరదలు కాపురానికొచ్చిన కొత్తలో."

"కట్లు విప్పావు గదా?"

"విప్పకపోతే బతుకుతాయా?"

"మరి ఇప్పటికీ వారం వారం వెళ్లి మొదట్లో ఏం గిల్లుతుంటావు?"

ఏం గిల్లుతాడో ఆయనకు తెలుసు. అంటు కింద నుంచి, ఆ మొదలు మొక్క సొంత చిగుళ్లు వస్తూనే ఉంటాయి. అడవి చిగుళ్లు. చెట్టు ఎంత ముసలిదైనా వస్తాయి. నాలుగు పూటలు ఏమరిస్తే అవే పైకి లేచి, సారమంతా లాగేసి, పైనున్న మంచి గులాబీని చంపేస్తాయి. మొదలుకు ద్రోహబుద్ధి ఏమీ లేదు. తనది కానిదాన్ని మోయడం దానికి తెలియదు, అంతే.

"కట్టు విప్పావు సరే," అంది అక్క. "గిల్లడం ఎప్పుడైనా మానావా? నేను నీకు కొమ్మనిచ్చానురా. ఎండబెట్టుకోమని ఇవ్వలేదు."

గీకుడు మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదలడం అక్క చూసింది, చూడనట్టే కూర్చుంది.

కిడ్నీ దక్కింది. మునుపటంత కాదు, దక్కినంత దక్కింది. గొట్టం మాత్ర మోతాదు కాస్త సర్దారు. వణుకు తగ్గింది గాని పోలేదు, పోదేమోనని కూడా చెప్పారు. గన్నేరు కుండీ మట్టిని భార్య దగ్గరుండి పారబోయించింది. ఇప్పుడు మింగాక నోరు తెరిపించి నాలుక కూడా ఎత్తిస్తుంది. ఆయన ఇప్పటికీ మాత్రను వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి, షాపతను ఈసారేం అంటగట్టాడో చూసిగాని మింగడు.

పార్కు తెల్లగులాబీల పని ఒప్పుకుని ఉన్నాడు కదా. ఇంటికొచ్చాక ఒక ఉదయం షెడ్డులోకి వెళ్లి, కత్తి తీసి, అరచేతిలో కాసేపు చూసుకున్నాడు. తర్వాత పిడి వైపు తిప్పి అక్క ముందు పెట్టాడు.

అక్క తీసుకుంది. చిన్నప్పటి నుంచీ ఎదురుగా కూర్చుని చూసిన కోత ఆమెది. కన్నును లేపి, మొదలులో దూర్చి పట్టుకుంది. గీకుడు మామ తొడుగుల చేతులతో పట్టీ చుట్టడం మొదలుపెట్టాడు. వణుకుతూనే చుట్టాడు, పట్టీ వణుకును ఓర్చుకుంది. చుట్టేముందు మాత్రం కోత దగ్గరికి వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"లోతెక్కువైంది," అన్నాడు.

"కట్టరా," అంది అక్క.

కొన్నాళ్ల తర్వాత పట్టీలు విప్పి ఒక్కో కన్నును గోటితో గీకి చూశాడు. అక్క పక్కనే నిలబడింది. మొదటిది పచ్చగా ఉంది. రెండోదీ అంతే. అయినా నమ్మకం చాలక వరస చివరిదాకా గీకుతూ వెళ్లాడు.