ఒలీటా గొడ్డలి, హోయ్ట్ చెట్టు

పొలం వాటా దగ్గర మాట పెరిగి ఒలీటా తన మరిదిని గొడ్డలితో నరికిందని చర్చి మెట్ల మీద చెప్పుకుంటున్నారు. తప్పు. మా జార్జియా కొండవాలులో రాళ్లు తప్ప ఏం పండుతాయని వాటాలు? కొట్లాట చెట్టుకీ పూలకీ.

ఒలీటా ముప్పై ఏళ్లు మేజోళ్ల మిల్లులో నిలబడి పనిచేసిన మనిషి. పెళ్లయిన కొత్తలో పదకొండు రోజుల పాప పోయింది. రాయి పెట్టించే తాహతు లేక చర్చి శ్మశానంలో పాపని పూడ్చిన గుంట మీద ఫ్లాక్స్ అనే నేలబారు పూలమొక్క నాటింది. ఏప్రిల్ వస్తే అక్కడ గులాబీరంగు దుప్పటి పరిచినట్టుండేది. పాప ఎక్కడుందో చెప్పే గుర్తు అదొక్కటే.

పక్కనే తన నాన్న సమాధి దగ్గర మరిది హోయ్ట్ క్రేప్ మర్టిల్ చెట్టు నాటాడు. అందమైన చెట్టే, కాదనను. వేసవంతా పూస్తుంది, బెరడు పట్టులా నునుపు. కానీ ఎండంతా పైనే తాగేస్తుంది. ఫ్లాక్స్‌కి నేల మీద పడే ఎండే అన్నం. నీడపడితే మధ్యనుంచి కుళ్లుతుంది.

నీడ తగ్గించమంటే హోయ్ట్ ఫిబ్రవరిలో, మా ఊళ్లో అందరూ చేసే పిచ్చిపనే చేసేవాడు: రంపంతో చెట్టు తల కోసి మోడు చేయడం. వేసవికల్లా ఆ మోడు రెండింతల గుబురయ్యేది. ఏడేళ్లు ఇదే తంతు. దుప్పటి అరచేతంత మిగిలింది.

మేలో సమాధులకి పూలు పెట్టే ఆదివారం ముందురోజు ఒలీటా గొడ్డలితో వచ్చింది. నేను పక్క వరసలో ఊడుస్తున్నాను, హోయ్ట్ వాళ్ల నాన్న సమాధి దగ్గర దంతెతో ఆకులు లాగుతున్నాడు.

“మా నాన్న చెట్టు ముట్టుకుంటే మర్యాద దక్కదు వదినా!”

“మర్యాద ఏడేళ్లు చూపించాను. జరుగు.”

“ఆ గడ్డి కోసమా? బుట్టెడు కొనిస్తా, ఇంకోచోట నాటుకో!”

చెట్టు మొదట్లో నాలుగు వేట్లు పడ్డాయి. హోయ్ట్ అడ్డంగా దూకి దంతెకర్రతో ఆమె మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు రాలాయి. నెత్తురు ఉమ్మి మళ్లీ గొడ్డలి ఎత్తింది. హోయ్ట్ బూటు చీలింది, పాదం చీలింది, ఎముక తెల్లగా కనబడింది. పందిని కోసినట్టు అరిచాడు. ఆమె అతన్ని దాటుకెళ్లి, చెట్టు కూలేదాకా నరుకుతూనే ఉంది.

గొడ్డలి జారిందని షెరీఫుకి అందరం ఒకే మాట చెప్పాం. నేనూ చెప్పాను. కానీ నా కడుపులో ప్రశ్న ఆగదు. నిన్న ఆమె వాచిన మూతితో మొక్కజొన్న జావ తాగుతుంటే అడిగేశాను.

“ఒసే ఒలీటా, జారిందా, వేశావా?”

గిన్నె కింద పెట్టింది.

“వేశాను పిన్నీ. బూటుకాళ్లతో పాప మీద నించున్నాడు.”