ఎల్లాజీ అనుమానం

ఎల్లాజీ పాతికేళ్లవాడు, చేపలరేవులో మరబోటు మీద కళాసీ. తాళ్లు లాగి లాగి అరచేతులు కాయలు కాచాయి గాని, మనసు మాత్రం పచ్చిపుండు. బోటు దిగగానే వలలు ఆరేసే పని తోటివాళ్లకు వదిలేసి ఇంటికి పరుగెడతాడు. గుమ్మంలోనే నిలబడి గదంతా కలియజూస్తాడు. భార్య మసేనమ్మ తలలో పూలుంటే ఎవరికోసమంటాడు, లేకపోతే ఎవరి మీద బెంగంటాడు. ఒడిశాలో పారాదీప్ వైపు చేపలవేటకెళ్లి నెల తర్వాత వచ్చిన ఆ మధ్యాహ్నం ఆమె మంచం మీద నిరోధ్ పొట్లం పెట్టేసరికి అతని కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏటిది? ఎవుడిచ్చాడు నీకు?"

"నాను పనిసేసే రొయ్యల కంపెనీలో నర్సమ్మ అందరికీ పంచింది."

"మొగుణ్ణి నానుండగా నీకిదెందుకే? ఎవుడితో తిరగతన్నావ్?"

"నాను ఎవుడి మొకమూ సూడనేదు. పారాదీపులో నువ్వెవత్తి కాడ పడుకున్నావో అడిగితే కొడతావు. అందుకే అడక్కుండా ఇది తెచ్చినాను."

లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనకాడితే మగాడు కాదంటారని పారాదీప్‌లో తోటివాళ్లతో కలిసి వెళ్లిన సానికొంప గది అతనికి గుర్తొచ్చింది. అక్కడి ఆడమనిషి ఇలాంటి పొట్లమే చేతిలో పెడితే, అందరూ నవ్వుతుంటే తనూ నవ్వి విసిరేశాడు.

"పెద్దాసుపత్రిలో రగతం సూత్తారంట. ఇద్దరం ఎల్దుమా?" అంది మసేనమ్మ మెల్లగా.

అతను చొక్కా తొడుక్కున్నాడు.

"నానొక్కణ్ణే ఎల్తాను. నువ్వు రావొద్దు, అక్కడ మగ డాక్టర్లుంటారు."

మసేనమ్మ చెప్పులేసుకుని అతనికంటే ముందే వీధిలోకి దిగింది.